ఊపిరితిత్తుల్లో పూతరేకు: టీస్పూన్ కూడా నిండని మందు బిడ్డకి ఊపిరి ఎలా ఇస్తుంది?

 

ఈ రోజు కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఒక చిన్న గాజు సీసా గురించి మాట్లాడుకుందాం. లోపల తెల్లగా, పాలలాగా ఉంటుంది. రెండేళ్ల క్రితం, సంక్రాంతి వెళ్లిన వారం, రాజమండ్రిలో ఒక హాస్పిటల్‌లో ఎన్‌ఐసీయూ బయట నిలబడి ఉన్నాను. నర్సు ఆ సీసా పట్టుకుని నా ముందు నుంచే లోపలికి వెళ్లింది. లోపల ఉన్నది మా అక్క కొడుకు. పుట్టి గంట కూడా కాలేదు.

ఏం జరిగిందో టకటకా చెప్పేస్తాను. అక్కకి 31వ వారం. పుట్టింటికి వచ్చింది, మా ఊరు కోనసీమలో. రాత్రి పది గంటలకి నడుం లాగుతోంది, పొట్ట గట్టిపడి మళ్లీ వదులవుతోంది అంది. మా అమ్మ "పండక్కి తిన్న పిండివంటలే, గ్యాస్ అయ్యుంటుంది, వాము నీళ్లు తాగి పడుకో" అంది. అమ్మ తప్పు కాదండీ, నేను కూడా అదే అనుకున్నాను. అక్కే ఆగలేదు. మా ఊరి ఆశా అక్కకి ఫోన్ చేసింది. ఆవిడ ఒక్కటే అడిగారు: "ఎంత సేపటికోసారి గట్టిపడుతోంది?" పది నిమిషాలకోసారి అని చెప్పగానే, "తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి" అన్నారు. ఆ చీకట్లో జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి వచ్చేశాం. వెళ్లగానే అక్కకి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. పన్నెండు గంటల తర్వాత ఇంకోటి. ఆ రెండో ఇంజెక్షన్ అయిన కాసేపటికే బాబు పుట్టేశాడు. 1,450 గ్రాములు.

పుట్టాడు, ఏడ్చాడు. కానీ ప్రతి శ్వాసకీ పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి. మూలుగుతున్నాడు. డాక్టరుగారు బయటకి వచ్చి, "ఊపిరితిత్తులు విచ్చుకుని నిలబడట్లేదు. సర్ఫ్యాక్టెంట్ ఇస్తాం" అన్నారు. బావగారు సంతకం పెట్టారు. సీసా లోపలికి వెళ్లింది.

నేను బీటెక్ చదివాను, ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఆ మాట అర్థం కాలేదు నాకు. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. ఆ చదివిందే ఈ ఎపిసోడ్.

తడి కవరు సమస్య

ఇంట్లో ఒక పల్చటి పాలిథిన్ కవరు తీసుకోండి. లోపల కొంచెం నీళ్లు పోసి పారబోయండి. ఇప్పుడు తెరవడానికి చూడండి. రెండు గోడలూ అతుక్కుపోయి ఉంటాయి. పొడి కవరు అయితే ఊదితే చాలు తెరుచుకుంటుంది. తడి కవరు సతాయిస్తుంది.

మన ఊపిరితిత్తులు కూడా తడి కవర్లే. లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. టెన్త్ పుస్తకంలో వాయుగోణులు అని చదువుకున్నాం. పెద్దవాళ్లలో వాటన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. అంటే 750 చదరపు అడుగులు, చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. ఆ ఫ్లాట్ నేలంతా ఎప్పుడూ తడిగానే ఉండాలి.

నీటి అణువులకి ఒకదాన్నొకటి లాక్కునే గుణం ఉంది. దాన్నే తలతన్యత అంటారు, ఇంగ్లీష్ మీడియం వాళ్లకి సర్ఫేస్ టెన్షన్. ఆ లాగుడు గాలి గదిని ముడుచుకుపోయేలా చేస్తుంది. లెక్క చాలా సింపుల్: లోపలికి లాగే ఒత్తిడి అంటే రెండు ఇంటూ తలతన్యత, బై వ్యాసార్థం. దీన్ని లాప్లాస్ సూత్రం అంటారు.

నంబర్లు వేసి చూద్దాం. ఒంటి వేడి దగ్గర నీటి తలతన్యత సుమారు 70 మిల్లీన్యూటన్ పర్ మీటర్. గాలి గది వ్యాసార్థం 0.1 మిల్లీమీటర్ అనుకుందాం. ఒత్తిడి 1,400 పాస్కల్స్ వస్తుంది. డాక్టర్ల భాషలో సుమారు 14 సెంటీమీటర్ల నీటి ఎత్తు. మామూలు శ్వాసలో ఊపిరితిత్తుల్ని తెరిచి ఉంచే ఒత్తిడి సుమారు 5 సెంటీమీటర్లే. అంటే లోపల ఉత్త నీళ్లే ఉంటే మనం ఓడిపోయే ఆటే ఇది. ఇంకో చిక్కు కూడా ఉంది. గది ఎంత చిన్నదైతే లాగుడు అంత ఎక్కువ. శ్వాస వదిలిన కొద్దీ గది చిన్నదవుతుంది, ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. నెలలు నిండని బిడ్డకి గదులు అసలే చిన్నవి.

మరి మనమెలా బతికేస్తున్నాం? ఆ నీటి మీద ఒక పొర తేలుతూ ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకు చూశారు కదా, బోర్లించిన కుండ మీద పిండి నీళ్ల గుడ్డ లాగగానే వచ్చే పొర. దానికంటే వేల రెట్లు పల్చన ఇది. శ్వాస వదిలినప్పుడు ఈ పొర దగ్గరకి నొక్కుకుని, తలతన్యతని 70 నుంచి దాదాపు సున్నాకి దించేస్తుంది. తలతన్యత 2 అయితే పైన లెక్కలో ఒత్తిడి 14 సెంటీమీటర్ల నుంచి 0.4కి పడిపోతుంది. గది మూసుకోదు.

ఈ పొరే సర్ఫ్యాక్టెంట్.

సరుగుడు కర్రలు, వంకర కర్రలు

ఇది దేంతో తయారైంది? సుమారు 90 శాతం కొవ్వులు, 10 శాతం ప్రొటీన్లు. కొవ్వుల్లో హీరో ఒకటి ఉంది, దాని షార్ట్ నేమ్ డీపీపీసీ. ఈ అణువుకి ఒక తల, రెండు తోకలు. తలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి గాలంటే ఇష్టం. అందుకే నీటి మీద తల కింద పెట్టి, తోకలు పైకెత్తి నిలబడుతుంది. డీపీపీసీ తోకలు రెండూ తిన్నగా ఉంటాయి.

మన తీరంలో సరుగుడు తోటలు చూసే ఉంటారు. తిన్నటి సరుగుడు కర్రల్ని మోపు కడితే సందు లేకుండా బిగుసుకుంటాయి. డీపీపీసీ కూడా అంతే. శ్వాస వదిలి పొర నొక్కుకున్నప్పుడు కర్రలన్నీ పక్కపక్కన బిగుసుకుని నిలబడతాయి. మధ్యలో నీళ్లు పైకి రావడానికి చోటే ఉండదు. అందుకే తలతన్యత అంత కిందకి దిగుతుంది.

మరి ఉత్త డీపీపీసీ సరిపోదా? సరిపోదండీ. కోనసీమ వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. జనవరి పొద్దున్నే కొబ్బరి నూనె సీసా తిప్పితే నూనె పడదు. గడ్డకట్టి ఉంటుంది. ఎండలో పెట్టాలి. డీపీపీసీ కూడా అలాంటిదే, కాకపోతే అది కరిగి పలచబడేది 41 డిగ్రీల దగ్గర. మన ఒంటి వేడి 37. అంటే మన ఒంట్లో అది ఎప్పుడూ జనవరి కొబ్బరి నూనే. నొక్కితే గట్టిగా నిలబడుతుంది, బాగుంది. కానీ మళ్లీ శ్వాస పీల్చినప్పుడు గది పెద్దదవుతుంది కదా, అప్పుడు పొర వెంటనే పరుచుకోవాలి. గడ్డకట్టిన నూనె ఎక్కడ పరుచుకుంటుంది?

పాలు కాచి చల్లార్చితే మీగడ కడుతుంది. చెంచాతో ఒక పక్కకి నెట్టండి. ముడతలు పడి మూలకి పోగవుతుంది. చెంచా తీసేస్తే మళ్లీ వెనక్కి పరుచుకుంటుందా? పరుచుకోదు. ఉత్త డీపీపీసీ పొర గతి కూడా అదే.

అందుకే శరీరం వంకర తోకల కొవ్వుల్ని కూడా కలిపింది. వంకర కర్రలు మోపు కట్టడానికి పనికిరావు, సందులు ఉండిపోతాయి. సందులుంటే కదలిక ఉంటుంది, పొర జారుతుంది, పరుచుకుంటుంది. కానీ అవే ఎక్కువైతే నొక్కినప్పుడు పొర గట్టిగా నిలవదు.

చూశారా ఇరకాటం? శ్వాస వదిలేటప్పుడు పొర రాయిలా ఉండాలి. సెకను తిరక్కుండా, పీల్చేటప్పుడు నూనెలా పరుచుకోవాలి. పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు శ్వాస తీస్తుంది. సగటున 50 వేసుకున్నా రోజుకి 72,000 సార్లు ఈ మార్పు జరగాలి. ఒక్క రోజులో.

79 అక్షరాల ప్రొటీన్

ఇక్కడే ప్రొటీన్లు వస్తాయి. సర్ఫ్యాక్టెంట్‌లో నాలుగు ముఖ్యమైన ప్రొటీన్లు ఉన్నాయి: ఎస్పీ-ఏ, ఎస్పీ-బీ, ఎస్పీ-సీ, ఎస్పీ-డీ. ఏ, డీ రెండూ పెద్దవి, వాటి ముఖ్యమైన డ్యూటీ క్రిముల్ని పట్టుకోవడం, సెక్యూరిటీ గార్డుల్లాగా. పొరని నడిపేది బీ, సీ.

ఎస్పీ-బీలో ఉన్నది 79 అమైనో ఆమ్లాలే. దానికి పాజిటివ్ చార్జ్ ఉంటుంది. పొరలో ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ అనే కొవ్వు ఉంది, దాని తలకి నెగటివ్ చార్జ్. రెండూ అతుక్కుంటాయి. ఎస్పీ-బీ ఒక కొవ్వు పొరనీ పక్క పొరనీ దగ్గరకి లాగి, అణువులు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకేలా దారి తెరుస్తుంది.

ఎస్పీ-సీ ఇంకా చిన్నది, 35 అమైనో ఆమ్లాలు. ఇది కొవ్వులో గుచ్చిన సూదిలా ఉంటుంది. దాని ఒక చివర రెండు కొవ్వు తోకలు అతికించి ఉంటాయి. ఆ తోకలతో పక్క పొరని కూడా పట్టుకోగలదు.

ఇప్పుడు ఒక శ్వాసని స్లో మోషన్‌లో చూద్దాం. శ్వాస వదులుతున్నాం. గది చిన్నదవుతోంది. పొరలో చోటు చాలట్లేదు. పొరలో కొంత భాగం, ముఖ్యంగా మెత్తటి భాగం, మడత పడి కిందకి, నీటిలోకి దిగుతుంది. పైన మిగిలింది బిగుసుకుంటుంది. మీగడలో అయితే ఇక్కడే కథ అయిపోయేది. కానీ ఇక్కడ ఆ మడతల్ని ఎస్పీ-బీ, ఎస్పీ-సీ పై పొరకే కుట్టి ఉంచుతాయి. కొట్టుకుపోనివ్వవు. మళ్లీ శ్వాస పీల్చగానే, కింద మడత పెట్టిన సరుకు అదే కుట్టు దారిలో పైకి వచ్చి పరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే, మెమరీ నుంచి తీసేసినా డిలీట్ చేయలేదు, పక్కనే క్యాష్‌లో పెట్టారు.

ఈ 79 అక్షరాల ప్రొటీన్ లేకపోతే ఏమవుతుంది? 1993లో అమెరికాలో డాక్టర్లు ఈ జబ్బుని గుర్తించారు. నెలలు నిండి పుట్టిన పిల్లలే, కానీ ఊపిరితిత్తులు పనిచేయట్లేదు. చూస్తే ఎస్పీ-బీ అసలు లేదు. వాళ్లలో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్‌లో, జీన్‌లో ఒక అక్షరం ఉండాల్సిన చోట మూడు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. రెండు అక్షరాలు ఎక్కువ. దాంతో అక్కడి నుంచి చదవడం మొత్తం జరిగిపోయింది. ఒక బ్రాకెట్ ఎక్కువైతే ప్రోగ్రామ్ మొత్తం క్రాష్ అయినట్టు. ఊపిరితిత్తుల మార్పిడి చేయకపోతే ఆ పిల్లలు సాధారణంగా కొన్ని నెలలకి మించి బతకరు. కొవ్వులున్నా సరే ఆ ఒక్క ప్రొటీన్ లేకపోతే శ్వాస లేదు.

భీమవరం నుంచి ఒక నీలి రంగు

ఇంత పల్చటి పొరలో ఎంత కొవ్వుందో ఎలా కొలిచారు? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే నాకు మన గోదావరి మనిషి కనిపించాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. ఇంట్లో చావులు, కష్టాలు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు, అది కూడా మద్రాసులో. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి. మాలిబ్డేట్ కలిపితే, ఆ తర్వాత ఇంకో రసాయనం వేస్తే, నీలి రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దీన్ని ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అనే అంటారు ఇప్పటికీ.

మనకేంటి సంబంధం? డీపీపీసీ లాంటి కొవ్వుల పేరే ఫాస్ఫోలిపిడ్. ఒక్కో అణువు తలలో ఒక ఫాస్ఫరస్ ఉంటుంది. ఫాస్ఫరస్ లెక్కపెడితే కొవ్వు అణువుల్ని లెక్కపెట్టినట్టే. 1959లో బార్ట్‌లెట్ అనే సైంటిస్టు ఆ పద్ధతినే ఇంకా సున్నితంగా మార్చారు. ఫాస్ఫోలిపిడ్లతో పనిచేసే ల్యాబులు, సర్ఫ్యాక్టెంట్ ల్యాబులతో సహా, దాన్ని విపరీతంగా వాడాయి. సుబ్బారావుగారు ఊపిరితిత్తుల మీద పనిచేయలేదు. కానీ ఆయన వేసిన నీలి రంగు ఈ కథలో ఉంది.

మందు దాకా వచ్చిన దారి

1929లో కర్ట్ వాన్ నీర్‌గార్డ్ అనే డాక్టరు ఊపిరితిత్తుల్ని గాలితో ఒకసారి, ద్రవంతో ఒకసారి నింపి చూశాడు. ద్రవంతో నింపడం చాలా సులువైంది. అంటే అడ్డుపడుతున్నది తలతన్యతే అని తేలింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో జాన్ క్లెమెంట్స్ ఊపిరితిత్తుల నుంచి తీసిన పొరని నొక్కి, తలతన్యత ఎంతలా పడిపోతుందో కొలిచి చూపించారు. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ కలిసి, నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోతున్న పిల్లల్లో ఈ పదార్థమే కొరవడిందని చూపించారు.

కారణం తెలిసింది, మందు లేదు. 1963 ఆగస్టులో అమెరికా ప్రెసిడెంట్ కెన్నెడీకి ఐదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు, పేరు ప్యాట్రిక్. 39 గంటలు బతికాడు. ప్రపంచంలో అంత పవర్ ఉన్న తండ్రి దగ్గర కూడా ఆ టీస్పూన్ లేదు.

1980లో జపాన్‌లో ఫుజివారా టీమ్ ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫ్యాక్టెంట్‌ని పది మంది పిల్లలకి ఇచ్చి ఫలితం చూపించింది. తర్వాత ప్రొటీన్ అసలు లేకుండా, డీపీపీసీకి పరుచుకోవడానికి వేరే రసాయనాలు కలిపి ఎక్సోసర్ఫ్ అనే మందు వచ్చింది. అది కూడా ప్రాణాలు కాపాడింది. కానీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు, ఎస్పీ-బీ, ఎస్పీ-సీ ఉన్న జంతువుల సర్ఫ్యాక్టెంటే మెరుగ్గా పనిచేసింది. ఊపిరితిత్తి చిల్లు పడి గాలి బయటకి లీకయ్యే కేసులు తగ్గాయి. ఎక్సోసర్ఫ్ మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

మా వాడికి ఇచ్చింది పంది ఊపిరితిత్తుల నుంచి తయారైంది. డోసు కిలోకి 2.5 మిల్లీలీటర్లు. 1,450 గ్రాములకి 3.6 మిల్లీలీటర్లు. ఆ మందులో ప్రతి మిల్లీలీటర్‌కీ 80 మిల్లీగ్రాముల సర్ఫ్యాక్టెంట్ ఉంటే, ప్రొటీన్ సుమారు ఒక్క మిల్లీగ్రామే. ఎనభైలో ఒకటి. ఆ ఒకటే మిగతా 79ని పరిపిస్తోంది.

మా అమ్మమ్మ ఫోన్‌లో అడిగింది, "పందిదా?" అని. అవును అమ్మమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడి ఊపిరి ఎలా ఉంది?" అని అడిగింది. పక్కటెముకలు లోపలికి పోవడం తగ్గింది, ఆక్సిజన్ తగ్గించారు అని చెప్పాను. "అయితే చాలు" అంది.

ఆ రెండు ఇంజెక్షన్లు

అసలు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడుంది. అక్కకి ఇచ్చిన ఇంజెక్షన్లు డెక్సామెథసోన్, ఒక స్టెరాయిడ్. బిడ్డ ఊపిరితిత్తుల్లో టైప్ టూ కణాలు అని ఉంటాయి. సర్ఫ్యాక్టెంట్ ఫ్యాక్టరీలు అవే. కొవ్వుల్నీ ప్రొటీన్లనీ ఉల్లిపాయ పొరల్లా చుట్టి ప్యాకెట్లు కడతాయి. ఆ ఉత్పత్తి సరిపడా స్థాయికి రావడానికి సుమారు 35 వారాలు పడుతుంది. అమ్మకి ఇచ్చిన స్టెరాయిడ్ మాయ దాటి బిడ్డకి చేరి, ఆ ఫ్యాక్టరీకి "తొందరగా కానివ్వండి" అని కబురు పెడుతుంది. ఈ ఉపాయం న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లో నిరూపించారు. మన కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు డోసులు. పెద్ద హాస్పిటల్‌కి పంపే ముందు మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇవ్వొచ్చు.

లెక్క చూడండి. నాలుగు డోసులు పూర్తవ్వాలంటే 36 గంటలు కావాలి. మా అక్కకి దొరికింది రెండు డోసుల టైమే. ఆ రాత్రి వాము నీళ్లు తాగి పడుకుని, తెల్లారాక బయల్దేరి ఉంటే? ఎనిమిది తొమ్మిది గంటలు పోయేవి. ఒక్క డోసు మీదే పుట్టేవాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే, మీ ఇంట్లో అక్కో, వదినో, భార్యో గర్భంతో ఉంటే, 37 వారాల లోపు ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆగొద్దు: పొట్ట పదే పదే గట్టిపడి వదలడం, తగ్గని నడుం నొప్పి, నీరు పోవడం, రక్తం కనపడటం. ఆశా కార్యకర్తకి ఫోన్ చేయండి, లేదా 108కి. గ్యాసే అయితే మంచిదే, నవ్వుకుంటూ తిరిగి రావొచ్చు. ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం డాక్టర్లే చూసి చెప్పాలి, సొంత వైద్యం వద్దు.

మా వాడికి ఇప్పుడు రెండేళ్లు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు గడ్డకట్టిన కొబ్బరి నూనె సీసాని నేల మీద దొర్లిస్తూ, దాని వెనకాల పరిగెత్తుతున్నాడు. ఆయాసపడి నా ఒళ్లో వాలిపోయాడు. చెవి వాడి వీపుకి ఆనించి విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు, గాలి వస్తోంది, పోతోంది.

అంతేనండీ ఈ రోజుకి. ఈ వీడియో కడుపుతో ఉన్నవాళ్లకి కాకుండా, వాళ్లతో పాటు ఇంట్లో ఉండేవాళ్లకి పంపించండి. వాము నీళ్లు తాగమని చెప్పేది మనమే కదా. ఉంటాను మరి, ఆయ్.